రెండో లైనుకు మొదటి మర్యాద

పొద్దున పదిన్నర నుంచి తెర మీద ఒకటే గుండ్రం తిరుగుతోంది. చూసి చూసి సుజనకే కళ్లు తిరుగుతున్నాయి. రెండు నిమిషాలు తిరిగి ఆగుతుంది, 'సమాధానం రాలేదు' అంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ తిరుగుతుంది. ఛీ పొమ్మన్నా కొంత నయం. అది పొమ్మనదు, రమ్మనదు.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో, ఎరువుల కొట్టు మేడ మీద ఉంది గొర్రెల పెంపకందార్ల సంఘం ఆఫీసు. సుజన అందులో కంప్యూటర్ ఆపరేటరు. ఉదయగిరిలో ఇంటర్ కంప్యూటర్ కోర్సు చదివి, మూడు నెలల కిందట చేరింది. పద్దెనిమిదేళ్ల పిల్ల. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే చాలు, మెడ దగ్గర నుంచి చెవుల దాకా వేడెక్కిపోతుంది. ఫోను మోగితే ఇంకెవరైనా ఎత్తుతారేమోనని ఐదు రింగుల దాకా ఎదురుచూస్తుంది. ఆఫీసులో ఇంకెవరూ లేనప్పుడు కూడా అంతే.

ఆరోజు ఆమె చేయాల్సిన పని ఒక్కటే. ఊళ్లలో చెవి ట్యాగులు వేసిన గొర్రెల లెక్క ఎప్పటికప్పుడు సుజన ముందున్న సంఘం సర్వరుకు వచ్చి చేరుతుంది. ఆ లెక్క జతచేసి, ఇన్ని టీకాలు కావాలని నెల్లూరు స్టోరుకు ఇండెంటు పంపాలి. సాయంత్రం ఐదు దాకా గడువు. ఐదు లోపల చేరిన మండలాలకు రేపు తెల్లవారగానే ఐసు పెట్టెలతో వ్యాను బయలుదేరుతుంది. చేరకపోతే ఇంకో విడత దాకా, అంటే ఇరవై రోజులు, ఆగాలి.

ఇరవై రోజులు ఆగడానికి వీల్లేదు. వాన పడి వారమైంది, ఉదయగిరి కొండ కింద లేతగడ్డి లేచింది. ఎండాకాలమంతా మొద్దులు కొరికిన గొర్రె ఆ గడ్డిని ఆబగా తింటుంది. చిటుకు రోగం వచ్చేది అప్పుడే. సాయంత్రం గెంతుతూ దొడ్లోకి వచ్చిన పిల్ల పొద్దునకు కాళ్లు చాపి పడి ఉంటుంది. పోయినేడు సుజన నాయన పెంచలనరసయ్య మందలో పదకొండు పిల్లలు అట్లా పోయాయి. వాటిలో రెండింటికి సుజన సీసాతో పాలు పట్టి పెంచింది. అందుకే ఈసారి, ఎప్పుడూ గట్టిగా ఒక మాట చెప్పని పిల్ల, "టీకా మందు నేను తెప్పిస్తాను నాయనా" అని మాటిచ్చేసింది.

"ఏమ్మా, పోయిందా?" సంఘం సెక్రెటరీ సురేంద్రబాబు తన కుర్చీలోనుంచే అడిగాడు.

"లేదు సార్."

"నెట్ ఉండాదా?"

"ఉండాది సార్."

"మరెందుకు పోదు?"

ఈ మూడు ప్రశ్నలూ ఇదే వరుసలో అడగడం ఇది ఆరోసారి. మొదటి మూడు సార్లు సుజన ఆలోచించి జవాబు చెప్పింది. తర్వాత ఆలోచించడం మానేసింది.

పోయిన నెల దాకా ఈ బాధ లేదు. అప్పుడు సర్వరుకు ఉన్నది ఒకటే లైను. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు వారానికోసారి దాన్ని తెంపేవాళ్లు, అంతే. తెగినప్పుడల్లా ఊళ్ల లెక్కలు ఆగిపోతున్నాయని కేబుల్ డేవిడ్‌రాజు తన లైను కూడా ఒకటి లాగించాడు. సంఘం మీద అభిమానంతో ఊరికే ఇచ్చాడు. ఎనిమిది రోజుల కిందట దానికి ప్రారంభోత్సవం జరిగింది. ప్రెసిడెంటు నారాయణయ్య టెంకాయ కొట్టి, నీలం వైరుకు పసుపు కుంకుమ పెట్టి సర్వరుకు గుచ్చాడు. డేవిడ్‌రాజు కళ్లు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేశాడు. తర్వాత అందరూ ఇడ్లీ తిన్నారు.

ఇడ్లీ తింటుండగా నారాయణయ్యకు ఒక సందేహం వచ్చింది. "ఇందులో మనోడి లైను ఎన్నోది?" అన్నాడు.

"రెండోదండి," అన్నాడు డేవిడ్‌రాజు. అంటూ అంటూ ముఖం కొద్దిగా దించుకున్నాడు.

"అదేందయ్యా! పిలవంగానే వచ్చి మేలు చేసినోడిని రెండో వరసలో కూసోబెడతామా? పెళ్లిలో తాంబూలం ఎవురికి ముందిస్తాం? మొదటిది చెయ్ దాన్ని!"

డేవిడ్‌రాజు చెయ్యి కడుక్కుని వచ్చి, సర్వరు ముందు కూర్చుని, ఏది పంపినా ముందు తన లైనులోనే పోయేట్టు దాన్ని మొదటిది చేసుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. సుజన కూడా కొట్టింది. ఆ తర్వాత నెల్లూరుకు ఇండెంటు పంపడం ఇదే మొదటిసారి.

పన్నెండింటికి డేవిడ్‌రాజే స్వయంగా మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, తెల్లచొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు ఉంటుంది. వస్తూనే ఫోనులో ఒక వీడియో పెట్టి సుజన ముఖం ముందు పట్టుకున్నాడు.

"చూడు చెల్లెమ్మా. యాడన్నా ఆగతా ఉండాదా? మా లైను నీళ్ల మాదిరి పారతా ఉండాది."

"బాగానే ఉండాదన్నా."

"మరి మా లైనులో తప్పు లేదు గదా?"

"లేదన్నా."

"రాసుకోండి," అన్నాడు ఆయన సురేంద్రబాబు వైపు తిరిగి. "నాది కాదు."

పాత లైనువాళ్లకు సురేంద్రబాబు ఫోను చేశాడు. డబ్బా మీద లైటు పచ్చగా వెలుగుతోందా అని అడిగారు వాళ్లు. వెలుగుతోందన్నాడు. "అయితే మాది కాదు," అని పెట్టేశారు. ఇండెంటు కాగితం మీద రాసి మనిషి చేత పంపుతామని నెల్లూరు స్టోరుకు చేశాడు. సిస్టంలో కనపడితేనే మందు అన్నారు అక్కడ. ఆ సిస్టమే తెరుచుకోవడం లేదని ఈయన, తెరుచుకున్నాక పంపమని వాళ్లు. నాలుగు నిమిషాలు అట్లా గడిచాయి.

ఫోను పెట్టేసి సురేంద్రబాబు తల పట్టుకున్నాడు. "ఒక లైను ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పోయింది. రెండుంటే రెండింతలు పోవాల గదా? ఇదేం లెక్క?"



మధ్యలో నాయన ఫోను. ఉదయగిరి నుంచి గంటకోసారి చేస్తూనే ఉన్నాడు. "ఏమ్మే, మందు సంగతేంది? ఈడ అందరూ నన్ను అడగతా ఉండారు."

"పంపతా ఉండాను నాయనా."

"పొద్దున్నుంచి పంపతానే ఉండావు గదా? అదేదో ఒక బటన్ నొక్కేదే గదా?"

సుజన పళ్లు బిగించింది. "నొక్కతానే ఉండాను నాయనా," అంది.

రెండున్నరకు సురేంద్రబాబు, డేవిడ్‌రాజు టీ తాగడానికి కిందికి దిగారు. మెట్ల మీద వాళ్ల అడుగుల చప్పుడు ఆగేదాకా సుజన కదల్లేదు. తర్వాత లేచి సర్వరు వెనక్కి వెళ్లింది. రెండు వైర్లు పక్కపక్కనే ఉన్నాయి. పాతది బూడిదరంగు, దుమ్ము పట్టి ఉంది. కొత్తది నీలం, కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు. ఒకటి ఉన్నప్పుడు పోయిందంటే, ఒకటే ఉంచి చూస్తే పోదా? నీలం వైరు పీకేసింది.

ప్రోగ్రాము ఒక్క క్షణం బిత్తరపోయినట్లయి దానంతటదే మూసుకుపోయింది. సుజన మళ్లీ తెరిచింది. గుండ్రం ఒక్క చుట్టు తిరిగింది. నెల్లూరు స్టోరు పేజీ, పొద్దున్నుంచి ముఖం చూపించని పేజీ, పేరూ పాస్‌వర్డూ అడుగుతూ ఎదురుగా నిలబడింది.

సుజన కుర్చీలోకి కూలబడి పాస్‌వర్డు కొట్టడం మొదలుపెట్టింది. సగంలో ఫోను మోగింది. ఉదయగిరిలో గొర్రెల లెక్క ఎక్కించే రమణి అక్క. "సుజనా, ఏందిది? ఇప్పటిదాకా బాగా పోతా ఉండె, టక్కున ఆగిపోయింది. ఇంకా నాలుగూళ్ల లెక్క ఉండాది నా దగ్గిర. అవి లేకుండా పంపేవు, మీ నాయన మంద కూడా అందులోనే ఉండాది!"

ఎనిమిది రోజులుగా ఉదయగిరి లెక్కలు వచ్చేది నీలం వైరులో. ఆ సంగతి సుజనకు అప్పుడు గుర్తొచ్చింది. వైరు ఉంటే నెల్లూరు రాదు, పీకితే ఉదయగిరి రాదు. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

అంతలో వాకిట్లో నీడ పడింది. డేవిడ్‌రాజు చేతిలో టీ గ్లాసుతో నిలబడి, వేలాడుతున్న నీలం వైరు వంక చూస్తున్నాడు.

"ఎవురమ్మా నా వైరు పీకింది?"

ఆఫీసులో ఉన్నది ఆమె ఒక్కతే. అయినా అడిగాడు.

వెనకే వచ్చిన సురేంద్రబాబు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అయ్యయ్యో! ప్రెసిడెంటుగారు చేత్తో పెట్టిన వైరమ్మా అది! ఆయనకు తెలిస్తే ఏమనుకుంటాడు? గమ్మునుండే పిల్లవి, నీకు ఇట్టాంటి బుద్ధి ఎట్ట పుట్టింది?"

"సార్, అది పీకితే నెల్లూరు..."

"పెట్టేయ్ ముందు!"

డేవిడ్‌రాజు తానే వైరు గుచ్చాడు. గుండ్రం మళ్లీ తిరగడం మొదలైంది. సుజనకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడిస్తే ఇంకో అరగంట తనను ఓదార్చడానికి పోతుందని ఆపుకుంది.

తల దించుకుని నోటు పుస్తకం తెరిచింది. కాలేజీలో రాజమోహన్ సారు చెప్పినవన్నీ అందులో రాసుకుంది. ఒక పేజీలో ఇలా ఉంది: రెండు లైన్లున్న మిషనుకు రెండు నంబర్లు. ఏ ఉత్తరం పంపినా దాని మీద 'ఫ్రం' నంబరు వేయాలి. మనం చెప్పకపోతే మిషను తనకు తోచింది వేస్తుంది. ఏ వాకిట్లోనుంచి బయటికి పోతుందో ఆ వాకిలి నంబరు వేస్తుంది. జవాబు ఆ నంబరుకే వస్తుంది.

ఈ ముక్క పరీక్షలో రెండు మార్కులకు వచ్చింది. రాసింది కూడా. ఇన్నాళ్లూ దాని అర్థం తనకు పట్టలేదని ఇప్పుడు తెలిసింది.

నెల్లూరుకు పోవాలంటే ఎట్లా పోతావని మిషన్నే అడిగే కమాండు ఒకటుంది. కొట్టింది. ఒక్క వరుసలో జవాబు వచ్చింది. కొత్త లైనులో పోతాను, నా నంబరు ఇది. ఆ నంబరు చివర 118 ఉంది. సుజన నోటు పుస్తకం మొదటి పేజీ తిప్పింది. ఉద్యోగంలో చేరిన రోజు తనే రాసుకుంది: 'నెల్లూరు వాళ్ల దగ్గర రాయించిన మన నంబరు.' దాని చివర 34.

ఇప్పుడు నెల్లూరుకు ఫోను చేయాలి. అదీ తనే చేయాలి. చేతిలో ఫోను పట్టుకుని, అడగాల్సిన మాటలన్నీ ఒకసారి మనసులో చెప్పుకుని, నొక్కింది. స్టోరులో సిస్టం చూసే రాధిక మేడం ఎత్తింది.

"మేడం, ఆత్మకూరు గొర్రెల సంఘం నుంచి. మా నుంచి మీకేమన్నా వస్తా ఉండాదా మేడం?"

"ఏ నంబరు?"

సుజన 34 నంబరు చదివింది. ఏమీ రాలేదంది ఆమె. 118 నంబరు చదివింది.

అటువైపు కీబోర్డు టకటకలాడింది. "ఓహో, మీరేనా అది! పొద్దున్నుంచి వంద సార్లు తలుపు కొట్టారు. ఎవరో దొంగలనుకుంటున్నాం మేము. మా జాబితాలో ఆ నంబరు లేదమ్మా. లేని నంబరుకు మా మిషను బదులివ్వదు, కాదని కూడా చెప్పదు. పక్కన పడేస్తుంది."

"ఆ నంబరు కూడా చేర్చండి మేడం."

"దరఖాస్తు పెట్టండి. వారం పడుతుంది."

సుజన గోడ గడియారం వంక చూసింది. నాలుగు కావడానికి పది నిమిషాలు ఉంది.

సంగతంతా సురేంద్రబాబుకు చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు, అర్థం కూడా చేసుకున్నాడు. కానీ ఆయనకు అర్థమైంది ఒక్కటే. గొంతు తగ్గించి, "అంటే డేవిడ్‌రాజు లైనును రెండోది చేయాలంటావా?" అన్నాడు. డేవిడ్‌రాజు నాలుగడుగుల దూరంలో కూర్చుని అంతా వింటున్నాడు.

"దించాలంటే దించండి సార్," అన్నాడు డేవిడ్‌రాజు కిటికీలోంచి బయటికి చూస్తూ. "నేనేమన్నా అడిగినానా మొదటిది చేయమని? పెద్దాయన అన్నాడు, చేసినాను. ఇప్పుడు మీరు దించుతామంటా ఉండారు. దించండి. మాదే మొదటిదని మా వాళ్లందరికీ చెప్పుకోనుండాను, అది వేరే సంగతి."

"ఛఛ, దించేదేంది!" అన్నాడు సురేంద్రబాబు కంగారుగా. "ప్రెసిడెంటుగారిని ఒక మాట అడిగి చేద్దాం."

ప్రెసిడెంటు సంగం ఊళ్లో ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లాడు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. నాలుగుంబావు. మళ్లీ చేశారు, ఎత్తలేదు. "భోజనాల దగ్గిర ఉంటాడు, రెండు నిమిషాలు చూద్దాం," అన్నాడు సురేంద్రబాబు. నాలుగు ఇరవై. గుండ్రం తిరుగుతూనే ఉంది.

"సార్, చిటుకు రోగానికి మర్యాద తెలీదు సార్!"

ఆ మాట అన్నదెవరా అని సుజన కూడా ఒక్క క్షణం చూసింది. తనే. గొంతు ఆగలేదు.

"ఎవురు ముందో ఎవురు వెనకో దానికి అక్కర్లేదు సార్. పోయినేడు మాయి పదకొండు పోయినాయి. ఐదు దాటితే ఎవురి లైను మొదటిదైతే ఏంది, చచ్చిన గొర్రెల ముందు పెట్టుకుంటామా తాంబూలం?"

డేవిడ్‌రాజు కిటికీ వదిలి ఇటు తిరిగాడు. సుజనకు చెవులు కాలిపోతున్నాయి. కానీ మొదలుపెట్టింది కాబట్టి ముగించాలి.

"అన్న లైనును దించక్కర్లేదు. అన్నిటికీ ఆయనదే ముందుంటాది. ఒక్క నెల్లూరు స్టోరుకు మాత్రం పాత వాకిట్లో పో, పాత నంబరు చెప్పు అని మిషనుకు చెప్తాను. చెప్పనా వద్దా?"

"మాది మొదటిదిగానే ఉంటాదా?" అన్నాడు డేవిడ్‌రాజు.

"ఉంటాదన్నా."

"ఆ మాట ముందే చెప్పచ్చు గదా! కానీయ్, టైమైపోతా ఉండాది, బిన్నా కానీయ్!"

సుజన కమాండు కొట్టింది. నెల్లూరు స్టోరు నంబరు, పాత లైను దారి, 34 నంబరు. ఒక్కో అంకె రెండుసార్లు సరిచూసుకుంది. మిషన్ను మళ్లీ అడిగింది. పాత లైనులో పోతాను, నా నంబరు 34 అంది బుద్ధిగా. సురేంద్రబాబు "శభాష్" అన్నాడు.

ప్రోగ్రాములో 'పంపు' నొక్కింది. గుండ్రం తిరిగింది. రెండు నిమిషాలు తిరిగి ఆగింది. సమాధానం రాలేదు.

"ఏందమ్మా మళ్లీ!" ఇద్దరూ ఒకేసారి అరిచారు.

నాలుగున్నర దాటింది. సుజన తెరను కొట్టాలన్నంత కోపంతో చూసింది. మిషను సరేనంది. మరి ఈ ప్రోగ్రాముకేం తెగులు? మధ్యాహ్నం వైరు పీకినప్పుడు మాత్రం ఎందుకు తెరుచుకుంది? అప్పుడది మూసుకుపోయింది, తాను మళ్లీ తెరిచింది... పొద్దున్నుంచి తెరిచి ఉన్న ప్రోగ్రాము, మొదలైనప్పుడు పట్టుకున్న నంబరునే పట్టుకుని వేలాడుతోంది. దారి మారినా చేతిలోని చీటీ మార్చుకోలేదు.

మూసేసింది. పూర్తిగా. మళ్లీ తెరిచింది.

పేజీ వచ్చింది.

పాస్‌వర్డు కొట్టింది. ఇటు ఉదయగిరి లెక్కలు వస్తూనే ఉన్నాయి, రమణి అక్క చివరి ఊరు కూడా ఎక్కించేసింది. లెక్క జతచేసి, టీకాల సంఖ్య వేసి, పంపింది. నాలుగు యాభైమూడుకు తెర మీద పచ్చని అక్షరాలతో ఇండెంటు నంబరు పడింది. తెర ఆరిపోతుందేమోనని భయపడ్డట్టు సురేంద్రబాబు దాన్ని మూడు ఫొటోలు తీసుకున్నాడు. కరెంటు పోయి వచ్చినా మిషను మరిచిపోకుండా సుజన ఆ దారిని సెట్టింగుల ఫైల్లో కూడా రాసిపెట్టింది.

"ఏదైతేనేం, మా లైను వచ్చినాకనే ఇంత పెద్ద ఇండెంటు పోయింది," అన్నాడు డేవిడ్‌రాజు చొక్కా సర్దుకుంటూ.

అవునని తలూపమన్నట్టు సురేంద్రబాబు సుజనకు సైగ చేశాడు.

"ఇండెంటు పాత దాంట్లో పోయిందన్నా," అంది సుజన. "ఉదయగిరి లెక్కలు మీ దాంట్లో వచ్చినాయి. రెండూ లేకపోతే పోయేది కాదు."

డేవిడ్‌రాజు ఆ మాటను కాసేపు నములుకున్నాడు. తియ్యగా ఉందో చేదుగా ఉందో ఆయన ముఖం చూస్తే తెలియలేదు.

ఐదున్నరకు బస్టాండులో ఉదయగిరి బస్సు కోసం నిలబడి సుజన నాయనకు ఫోను చేసింది. చుట్టూ జనం, జామకాయల బుట్టలు, ఆటోల హారన్లు.

"నాయనా, మందు వస్తా ఉండాది. రేపు పదకొండుకు ఉదయగిరిలో ఉంటాది. గొర్రెల్ని దొడ్లోనే ఉంచు, కొండకు తోలొద్దు."

"తోలకపోతే ఎట్టమ్మే? గడ్డి మంచి పదును మీదుండాది. తెల్లారి తోలి మధ్యాన్నానికి తెస్తాలే."

"ఆళ్లు నీకోసం మధ్యాన్నం దాకా ఉండరు నాయనా. ఐసు కరిగిపోతాది."

"ఒక పూటంతా కడుపు మాడ్చమంటావా మూగజీవాల్ని? రొండో విడతలో ఏపిచ్చుకుందాం, ఏం తొందర..."

"నాయనా!"

బస్టాండులో సగం మంది తిరిగి చూశారు. జామకాయల ఆమె కాటా వదిలేసి చూసింది. సుజన ఎవరినీ చూడలేదు.

"తోలినావంటే నేను ఇంటికి రాను! పొద్దున్నుంచి ఒక్క ముద్ద తినలేదు ఈడ నేను! తొట్లో నీళ్లు పెట్టి, ఎండు చొప్పెయ్. తడక కట్టెయ్. పదకొండు దాకా ఒక్కటి కూడా దొడ్డి దాటకూడదు!"

అటువైపు గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి. ఇంట్లో ఉప్పు కావాలన్నా సైగ చేసి అడిగే బిడ్డ గొంతు అది.

"సరేలేమ్మా," అన్నాడు చివరికి. "తడక కట్టేస్తాలే. బస్సొచ్చిందా? ఏమన్నా కొనుక్కోని తిను."